ఇసుకకు గోడ కాదు, దడి కావాలి

థార్ ఎడారిలో కదిలే ఇసుక తిన్నెను ఆపాలంటే గోడ కన్నా దడి నయం. గోడకు కొట్టుకున్న గాలి దాని మీదుగా ఎగిరి అవతల సుడులు తిరుగుతూ దిగి, అక్కడి ఇసుకను తోడేస్తుంది. సందులున్న దడి కొంత గాలిని తన గుండా పోనిచ్చి, దాని జోరును మాత్రం తగ్గిస్తుంది. దడిలో 40 నుంచి 50 శాతం వరకు ఖాళీ ఉంటేనే మేలని చెబుతారు. సందు కనబడితే చాలు, పూడ్చేద్దామనుకునే మనకు ఇది కాస్త వింతగానే తోస్తుంది.

ఇసుక దుమ్ములాగా ఆకాశానికి లేవదు. గాలి ఒక వేగాన్ని దాటగానే రేణువులు గెంతుతూ సాగుతాయి. కింద పడిన రేణువు మరికొన్నింటిని లేపుతుంది. ఈ గెంతులాటలో అధిక భాగం నేలకు మూరెడు ఎత్తులోపే జరుగుతుంది కాబట్టి మోకాలెత్తు దడి కూడా పనిచేస్తుంది. పైగా గాలి మోసే ఇసుక దాదాపుగా వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, వేగం సగానికి తగ్గితే ఇసుక ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

1952లో జోధ్‌పూర్‌లో ఎడారి వనీకరణ కేంద్రంగా మొదలై, 1959లో కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థగా మారిన కాజ్రీ ఈ పద్ధతిని రాజస్థాన్‌లో స్థిరపరిచింది. ముందుగా మేకలు, పశువులు రాకుండా తిన్నె చుట్టూ కంచె వేస్తారు. ఆ తరువాత జిల్లేడు కుటుంబానికి చెందిన ఖీంప్ పొదల కొమ్మలనో, రేగు కంపనో తలకిందులుగా, వేసవిలో వీచే నైరుతి గాలికి అడ్డంగా, శిఖరం నుంచి అడుగు దాకా 2 నుంచి 5 మీటర్లకు ఒక వరుస చొప్పున పాతుతారు. గాలి దిక్కు మారే చోట్ల అడ్డువరుసలు కూడా కలిపి గళ్లుగా వేస్తారు. వానలు పడగానే ఆ వరుసల చాటున ఇజ్రాయెల్ తుమ్మ మొక్కలు, సేవణ్ గడ్డి నాటుతారు. మనం దసరాకు పూజించే జమ్మి కూడా అక్కడి నేలకు సొంత చెట్టే, ఖేజ్రీ అంటారు. ఎండు కంప కలకాలం ఉండేది కాదు, ఇసుకలో పూడుకుపోతుంది లేదా చివికిపోతుంది. లేత వేరు బయటపడకుండా, ఎగిరే ఇసుక ఆకులను కోసేయకుండా మొక్క నిలదొక్కుకునే దాకా కాపాడితే దాని పని అయిపోయినట్టే.

చైనాలో 1958లో మొదలైన బావొటౌ–లాన్‌జౌ రైలు మార్గాన్ని షాపొటౌ దగ్గర ఇసుక ముంచేయకుండా, గోధుమ గడ్డిని పారతో ఇసుకలోకి నొక్కి, మీటరు గళ్లుగా నిలబెట్టారు. సూత్రం ఇదే, గడ్డి పొలం నుంచి వచ్చింది.

థార్ పద్ధతిలో నాకున్న అభ్యంతరం ఇక్కడే. ఖీంప్ స్వయంగా ఇసుకను పట్టి ఉంచే పొద. ఒక తిన్నెకు దడి కట్టడానికి మరో తిన్నె మీది ఖీంప్‌ను నరికితే ఒరిగేదేమీ లేదు. అక్కడి రైతులు పొలాల్లోని చిన్న రేగు పొదలను కోసి, ఎండబెట్టి, ఆకును దులిపి పశువులకు మేతగా దాచుకుంటారు. ఆకు రాలాక మిగిలే ముళ్ల కొమ్మలను దడికి మొదటగా వాడి, అవి చాలని చోటే ఖీంప్ జోలికి పోవడం మంచిది.