బరంపురంలో పెద్దావిడల బృందం నడపడం: నా అనుభవం

ఒడిశాలోని బరంపురంలో మా పేటలో అరవై దాటిన ఆడవాళ్లు వారానికి రెండు సాయంత్రాలు కలిసి కూర్చునే ఏర్పాటు చూస్తుంటాను. ఇలాంటిది మొదలుపెట్టేవాళ్లకు పనికొచ్చే సంగతులివి.

ముందు మనుషుల్ని వెతకాలి. గుడికొచ్చేవాళ్లు ఎలాగూ కనిపిస్తారు, మనకు కావలసింది గడప దాటనివాళ్లు. వార్డులో పింఛను ఇచ్చే 15వ తేదీన వరస దగ్గర నిలబడితే, ఒడియా కాగితం పక్కవాళ్లచేత చదివించుకునే తెలుగావిడలు ఇట్టే తెలుస్తారు. "ఒంటరిగా ఉందా?" అంటే "నాకేం లోటు, కొడుకులున్నారు" అంటారు, కోడలు పక్కనుంటే మరీను. "నిన్న ఇంట్లోవాళ్లు కాక ఎవరితో మాట్లాడారమ్మా?" అని అడగాలి. ఆనక నెమ్మదిగా పరిశోధకులు వాడే మూడు ప్రశ్నలు వేయొచ్చు: తోడు లేదనిపిస్తుందా, పక్కన పెట్టేశారనిపిస్తుందా, అందరికీ దూరమయ్యాననిపిస్తుందా? ఒక్కోదానికి అరుదుగా అంటే 1, అప్పుడప్పుడు అంటే 2, తరచుగా అంటే 3 మార్కులు, మొత్తం 3 నుంచి 9. ఎంత పెరిగితే అంత ఒంటరితనం.

పేరంటం పద్ధతి వద్దు. పసుపు కుంకుమలతో మొదలుపెడితే భర్త పోయినావిడ గుమ్మంలోనే ఆగిపోతుంది. భజనొక్కటే పెట్టినా చాలదు. ఏళ్లతరబడి పక్కపక్కన పాడుతూ ఒకరి ఇల్లు ఒకరికి తెలియనివాళ్లున్నారు. పాట అరగంట, తర్వాత గంటసేపు వత్తులు చేసుకోవడమో, చిక్కుడుకాయల ఈనెలు తీయడమో. చేతులాడుతుంటే మాటలు అవే వస్తాయి.

రావడం మానేసినావిడ "ఓపిక లేదమ్మా" అంటుంది. చాలాసార్లు అసలు సంగతి చెవి, లేదా మూత్రం ఆగకపోవడం. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నని ధ్వనులు. గొంతు వినపడుతుంది గానీ మాట తెలియదు, అరిస్తే ఇంకా చెడుతుంది. అందుకే ఎనిమిది మంది దాటితే రెండు జట్లు చేయాలి, గరగరలాడే ఫ్యాను ఆపాలి, మాట్లాడేవాళ్ల ముఖం మీద వెలుతురు పడేలా కూర్చోబెట్టాలి. మూత్రం ఆగదని భయపడేవాళ్లు బయల్దేరేముందు నీళ్లు మానేస్తారు, ఈ ఉక్కలో కళ్లు తిరుగుతాయి. కింది అంతస్తులో వెస్టర్న్ కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ లేని హాలు ఊరికే ఇచ్చినా నేను తీసుకోను. కుర్చీలకు చేతులుండాలి.

సమయం నాలుగు నుంచి ఐదున్నర, దీపాల వేళకు ఇంట్లో ఉండాలి. మనవణ్ణి చూసుకోవాలంటే వెంటబెట్టుకు రానివ్వండి.

ఒడియా పొరుగువాళ్లు కూడా వస్తుంటే కార్తీకం చూసుకోవాలి. వాళ్ల నెల పున్నమి మర్నాడు మొదలవుతుంది, మనది అమావాస్య వెళ్లాక. అంటే నెలన్నర ఉల్లి లేని ఫలహారమే. హబిష (ఒడియా ఆడవాళ్లు కార్తీకంలో పట్టే వ్రతం) పట్టినావిడకు అదీ పెట్టకూడదు, ఒంటిపూట తినేది ఆవిడ వండుకున్నదే.

మిగతా రోజులకు ఇద్దరిద్దరిని జత కట్టండి. పొద్దున ఎనిమిదిలోపు ఒకరికొకరు ఫోన్ చేసుకోవాలి, రెండుసార్లు ఎత్తకపోతే పక్కింటివాళ్లకు చేయాలి. ఆ పక్కింటి నంబరు, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 పెద్దక్షరాలతో రాసి ఫోన్ వెనక అతికించాలి. చదువు రానివాళ్లకు బటన్ ఫోనులో 2 నొక్కి పట్టుకుంటే పక్కింటికి వెళ్లేలా పెట్టివ్వాలి.