జపాన్ గుడి ముందు నీళ్ల తొట్టి
హైదరాబాద్ నుంచి జపాన్ వెళ్లేవాళ్లు షింటో (జపాన్ సొంత మతం) గుడి ముందు నీళ్ల తొట్టి కనబడగానే చెప్పులిప్పి కాళ్లు కడగబోకండి. అది చేతులకూ నోటికీ మాత్రమే.

ఈ కడుక్కోవడానికి మూలంగా చెప్పే కథ ఒకటుంది. 712 నాటి జపాన్ పురాణ గ్రంథం కొజికిలో, చచ్చినవాళ్లుండే యోమి లోకం నుంచి తిరిగొచ్చిన ఇజానగి దేవుడు మైల పోవడానికి స్నానం చేస్తాడు. ఎడమ కన్ను కడిగితే సూర్యదేవత అమతెరాసు, కుడి కన్ను కడిగితే చంద్రదేవుడు త్సుకుయోమి, ముక్కు కడిగితే తుఫాను దేవుడు సుసానో పుట్టారు. మన చావింటి స్నానం గుర్తొస్తుంది కదూ!

ఇక తొట్టి దగ్గర కుడిచేత్తో గరిటె నిండా ముంచి ఎడమ చెయ్యి, తర్వాత చెయ్యి మార్చి కుడిది కడగాలి. ఎడమ అరచేతిలో పోసుకుని పుక్కిలించాలి. ఆ చెయ్యి మళ్లీ కడిగి, గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు పిడిమీదుగా జారతాయి. అన్నిటికీ ఒక్క గరిటెడు నీళ్లే. మొదట్లోనే ఒంపేస్తే చివరికి చాలవు. గరిటెకు మూతి పెట్టడం, తొట్టిలోకే ఉమ్మడం మహా తప్పు.

లోపల రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. ఇజుమో అనే పెద్ద గుడిలో మాత్రం చప్పట్లు నాలుగు.