నొప్పిలేని పుండు

ఆ పుండు నొప్పి పెట్టి ఉంటే మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లేవాణ్ణి. నొప్పి లేదు, దురద లేదు, మంట లేదు. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది, అంతే. పురుషాంగం మీద, చిటికెన వేలి గోరంత ఉంది. పైన నున్నగా, ఎర్రగా, అంచు మాత్రం గట్టిగా. రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే చర్మం కింద చొక్కా గుండీ ఉన్నట్టు అనిపించింది. అప్పుడు నాకు ముప్పై ఒక్క ఏళ్లు.

వేడి చేసిందేమో అనుకున్నాను. ఒంట్లో ఏ తేడా వచ్చినా ముందు నోటికొచ్చే మాట అదే కదా. ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ ఏదో రాశాను. గజ్జల్లో ఒక వైపు బిళ్ళ కట్టింది. అదీ నొప్పి లేదు కాబట్టి వదిలేశాను. నాలుగు వారాలకు పుండు మానిపోయింది, మచ్చ కూడా సరిగ్గా కనపడలేదు. ఆ రోజు ఎంత తేలిగ్గా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

నేను చేసిన పొరపాట్లన్నిటిలో పెద్దది ఆ రోజు ఊపిరి పీల్చుకోవడమే. అది సిఫిలిస్. మన పెద్దవాళ్లు సవాయి అనేవారు. దాని మొదటి పుండు మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానిపోతుంది. ఆ సమయానికి మనం ఏది రాస్తూ ఉంటే దానికే పేరు వస్తుంది. క్రిమి మాత్రం పుండు దగ్గర్నుంచి రక్తంలోకి, రక్తంలోంచి ఒళ్లంతా పాకుతూనే ఉంటుంది.

ఐదు వారాల తర్వాత ఒంటి మీద మచ్చలు వచ్చాయి. ఛాతీ మీద లేత గులాబీ రంగులో మొదలై, వీపుకి, చేతులకి పాకాయి. సాయంత్రమయ్యేసరికి కాస్త జ్వరం, గొంతు నొప్పి, ఏ పనీ చేయబుద్ధి కాని నీరసం. అలర్జీ అనుకుని ఒక డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన అలర్జీ మాత్రలే ఇచ్చారు. ఆయన్ని తప్పు పట్టను. పుండు సంగతి నేను చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి సిగ్గుతో చెప్పలేదు.

రెండు వారాలు మాత్రలు మింగినా తగ్గకపోవడంతో చర్మవ్యాధుల డాక్టర్‌ని కలిశాను. ఆవిడ ఒంటి మీది మచ్చల్ని పెద్దగా పట్టించుకోలేదు. "అరచేతులు చూపించండి" అన్నారు. చూపించాను. నేను సరిగ్గా గమనించనేలేదు, రెండు అరచేతుల్లోనూ రాగి రంగులో గుండ్రటి మచ్చలు. సాక్స్ విప్పమన్నారు. అరికాళ్లలో కూడా అవే.

"దురద ఉందా?"

"లేదండీ."

"రెండు మూడు నెలల కింద మర్మావయవాల దగ్గర పుండు ఏమైనా వచ్చిందా? నొప్పి లేని పుండు?"

కొంచెంసేపు నా నోట మాట రాలేదు. "వచ్చింది. తగ్గిపోయింది" అన్నాను.

"తగ్గలేదు. కనపడకుండా పోయింది" అన్నారావిడ, రక్తపరీక్షలు రాస్తూ.

అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు వస్తే మొదట అనుమానించాల్సిన జబ్బుల్లో ఇదొకటని అప్పుడే తెలిసింది. సిఫిలిస్‌కి చేసే విడిఆర్ఎల్ అనే రక్తపరీక్షలో 1:64 వచ్చింది. అంటే రక్తంలోంచి తీసిన సీరమ్‌ని 64 రెట్లు పలచన చేసినా అది ఇంకా స్పందిస్తూనే ఉందన్నమాట. ఖాయం చేసుకోవడానికి టిపిహెచ్ఎ అనే ఇంకో రక్తపరీక్ష కూడా చేశారు. అదీ పాజిటివే. హెచ్ఐవి, హెపటైటిస్ బి నెగెటివ్.

రిపోర్టు చేతిలో పట్టుకుని నేను అన్న మొదటి మాట, "నేనెప్పుడూ అలాంటివాళ్ల దగ్గరికి వెళ్లలేదండీ." ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. "ఎలాంటివాళ్లు?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగా జవాబు కావాలన్నట్టే. నా దగ్గర జవాబు లేదు. నా స్నేహితురాలు చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, చూడ్డానికి ఆరోగ్యంగా ఉంటుంది. నేనూ అంతే. కానీ ఈ క్రిమికి చదువు, శుభ్రత, మంచితనం ఇవేవీ తెలియవు. సుఖవ్యాధి అంటే చెడు తిరుగుళ్ల జబ్బు అని చిన్నప్పట్నుంచి విన్న మాట నా బుర్రలో ఎంత గట్టిగా కూర్చుందంటే, పుండు కళ్లముందు ఉన్నా ఆ అనుమానమే రాలేదు.

ఇక అడగాల్సినవన్నీ అడిగేశాను. టాయిలెట్ సీటు మీద కూర్చుంటే వచ్చి ఉంటుందా? తువ్వాలు పంచుకుంటే? రాదు, శరీరం బయట ఈ క్రిమి ఎంతోసేపు బతకదు. అది పుండుకో, తడిగా ఉండే పొరకో నేరుగా తగిలితే సోకుతుంది. కలిసిన వెంటనే సబ్బుతో కడుక్కుంటే? ఆగదు. నోటితో చేస్తే ప్రమాదం లేదంటారు కదా? ఉంది, పుండు పెదవి మీదా గొంతులోనూ కూడా రావచ్చు. మరి ఆమె గర్భం రాకుండా పిల్స్ వాడుతోందిగా?

ఈ చివరి ప్రశ్న అడుగుతుంటే నాకే అర్థమైంది. పుండు కనిపించేనాటికి మా పరిచయం రెండు నెలలది. మొదటి మూడు వారాలు కండోమ్ వాడాం. ఆమె పిల్స్ మొదలుపెట్టాక, ఇక అవసరమేముందని మానేశాం. కండోమ్ గర్భం రాకుండా వాడే వస్తువనే ఇద్దరం అనుకున్నాం. పిల్ గర్భాన్ని ఆపుతుంది. ఏ ఇన్ఫెక్షన్‌నీ ఆపదు.

"ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరిందండీ, అందుకే" అన్నాను. "నమ్మకం మంచిదే. కండోమ్ మానేసే ముందు ఇద్దరూ ఒకసారి పరీక్ష చేయించుకుని ఉండాల్సింది" అన్నారు.

చికిత్స చాలా చిన్నది. బెంజథీన్ పెన్సిలిన్, మొత్తం 24 లక్షల యూనిట్లు, ఒక్కో తుంటికి సగం చొప్పున. ఇన్ఫెక్షన్ సోకి ఏడాది లోపే కాబట్టి ఒక్కసారితో సరి. ఆలస్యమైతే వారానికొకటి చొప్పున మూడు వారాలు ఇస్తారు. పెన్సిలిన్ పడనివాళ్లకు వేరే మందులున్నాయి. ముందు అలర్జీ గురించి అడిగారు, ఇచ్చాక అరగంట కూర్చోబెట్టారు. చిక్కటి మందు కావడంతో లోపలికి ఎక్కుతున్నంతసేపూ బరువుగా సలిపింది. మర్నాడు కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను. 1943 నుంచీ ఈ జబ్బుకి పెన్సిలిన్ వాడుతున్నారు. ఇన్నేళ్లయినా ఈ క్రిమి ఆ మందుకి లొంగకుండా తయారవలేదు. గనేరియా అనే ఇంకో సుఖవ్యాధి సంగతి అలా కాదు, దాని క్రిమి ఒక్కో మందునీ దాటుకుంటూ వస్తోంది. అందుకే ఎవరో వాడి మిగిల్చిన యాంటీబయాటిక్ మాత్రలు నాలుగు వేసుకుని తగ్గిందనుకోవడం మరీ ప్రమాదం.

ఆ సాయంత్రమే చలి, జ్వరం, తలనొప్పి. ఒంటి మీది మచ్చలు ఇంకా ఎర్రబడ్డాయి. డాక్టర్ ముందే చెప్పి ఉండకపోతే మందు పడలేదని భయపడేవాణ్ణి. క్రిములు ఒక్కసారిగా చస్తున్నప్పుడు ఒళ్లు అలా ఎదురు తిరుగుతుందట. తెల్లారేసరికి అంతా దిగిపోయింది.

ఆ జ్వరం ఒక్క రాత్రిది. ఆమెకు చెప్పడం నాలుగు రోజులు పట్టింది. ఫోన్ తీయడం, పెట్టేయడం. చెప్పకుండా ఉండిపోతేనో అని కూడా ఆలోచించాను, అది దాచను. డాక్టర్ మాట అడ్డుపడింది: "మీకు నయమై, ఆమెకు నయం కాకపోతే మళ్లీ మీకు వస్తుంది. ఒకసారి వస్తే మళ్లీ రాదనుకోకండి." ఆ మాటలో ఉన్నది నా స్వార్థమే అయినా, ఫోన్ చేయించింది అదే.

"నాకేం లేదుగా" అంది ఆమె మొదట. పుండు లేదు, మచ్చ లేదు, జ్వరం లేదు. నేను కూడా పుండు మానాక ఐదు వారాలు అలాగే అనుకుంటూ తిరిగానని చెప్పాను. స్త్రీలలో పుండు లోపల, గర్భాశయ ముఖద్వారం దగ్గర రావచ్చు. నొప్పి లేనప్పుడు అది ఉందని తెలిసే దారే లేదు. పరీక్ష చేయించుకుంది. పాజిటివ్. ఆ రాత్రి ఆమె అడిగిన మాట, "నువ్వు నాకు అంటించావా, నేను నీకా?"

ఇదే నేనూ డాక్టర్‌ని అడిగాను. ఎవరి నుంచి ఎవరికి అన్నది రిపోర్టులో ఉండదన్నారు. మా పరిచయానికి ముందు ఆమెకూ ఒక స్నేహం ఉంది, నాకూ ఉంది. తేదీలు పెట్టుకుని లెక్కలు వేయాలని ఇద్దరికీ అనిపించింది, రెండు రోజులు వేశాం కూడా. ఏం తేలలేదు, ఒకరి మీద ఒకరం అరుచుకోవడం తప్ప. మూడో రోజు ఆమే అంది, ఇద్దరం ఆ పాతవాళ్లకి ఫోన్ చేద్దామని. చేశాం. నేను ఫోన్ చేసినావిడ తిట్టింది. వారం తర్వాత పరీక్ష చేయించుకున్నానని మెసేజ్ పెట్టింది. ఫలితమేంటో చెప్పలేదు, నేను అడగలేదు.

ఆమెను ఎక్కువ కలవరపెట్టింది వేరే విషయం. చికిత్స లేకుండా గర్భం వస్తే ఇది కడుపులో బిడ్డకు సోకుతుంది. గర్భస్రావం కావచ్చు, బిడ్డ కడుపులోనే పోవచ్చు. అందుకే గర్భిణులకు ఈ పరీక్ష చేస్తారు. మాకు ఆ ఆలోచనే లేకపోయినా, రిపోర్టు చూసిన రోజు ఆమె ఏడ్చింది దానికే. చికిత్స తీసుకుంటే బిడ్డకు రాకుండా ఆపవచ్చని డాక్టర్ చెప్పాక కుదుటపడింది.

ఆ రోజుల్లో రాత్రిళ్లు నిద్రపట్టక చదివేవాణ్ణి. 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో రోజుకు 10 లక్షలకు పైగా కొత్త లైంగిక ఇన్ఫెక్షన్లు, అదీ నయం చేయగలిగినవే, సోకుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. ఆ అంకె చదివి భయపడాలి. నాకు మాత్రం మొదటిసారి ఒంటరితనం తగ్గింది. ఇంతమందికి వచ్చేది సిగ్గుపడాల్సిన జబ్బెలా అవుతుంది? వదిలేస్తే ఏళ్ల తర్వాత గుండె దగ్గరి పెద్ద రక్తనాళం, మెదడు, కళ్లు దెబ్బతింటాయని కూడా అప్పుడే చదివాను. నేనున్నది దానికి చాలా ముందు. అరచేతులు నన్ను కాపాడాయి.

సిఫిలిస్ పుండు ఉన్నప్పుడు హెచ్ఐవి సోకడం తేలిక కాబట్టి, 45 రోజుల తర్వాత ఆ పరీక్ష మళ్లీ చేశారు. నెగెటివ్. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకున్నాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పివి వైరస్‌కీ టీకా ఉంది, చిన్న వయసులో వేస్తే బాగా పనిచేస్తుంది. నా చెల్లెలికి ఫోన్ చేసి వాళ్ల పిల్లలకి వేయించమన్నాను. ఎందుకింత హఠాత్తుగా అని అడిగింది, చెప్పాను. "అన్నయ్యా, ఇన్నాళ్లూ ఒక్కడివే పడ్డావా?" అంది. నేను అనుకున్న మాటలేవీ ఆమె అనలేదు.

కండోమ్ ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా, ప్రతిసారీ కొత్తది. లేటెక్స్ కండోమ్‌కి నూనె, వాజెలిన్ లాంటివి తగిలితే చిరుగుతుందని, జిడ్డు కావాలంటే నీటితో చేసిన జెల్ వాడాలని నాకు ఈ వయసులో తెలిసింది. రెండు కలిపి వేసుకుంటే ఇంకా భద్రమన్నది కూడా తప్పే, రాపిడికి చిరిగే అవకాశం ఉందట. అది కప్పని చోట పుండు ఉంటే కండోమ్ కూడా ఆపలేదు. అందుకే పుండు కనిపిస్తే, అది ఎవరి ఒంటి మీదైనా, కలవకూడదు.

మూడు నెలలకు నా విడిఆర్ఎల్ 1:16కి దిగింది. ఆరు నెలలకు 1:4. ఏడాదికి 1:1. టిపిహెచ్ఎ మాత్రం ఇంకా పాజిటివే. అది చాలామందికి జన్మంతా పాజిటివ్‌గానే ఉంటుంది, జబ్బు ఇంకా ఉన్నట్టు కాదు. రేపు ఎవరైనా ఆ ఒక్క రిపోర్టే చూసి కంగారుపడకుండా, ఏ తేదీన ఏ ఇంజెక్షన్ ఇచ్చారో, అంకె ఎలా దిగిందో డాక్టర్ ఒక కాగితం మీద రాసి సంతకం చేసిచ్చారు. నేను దాన్ని ఫొటో తీసి ఆమెకు పంపాను. పది నిమిషాలకు తన కాగితం ఫొటో వచ్చింది.