మాఘ బహుళ పంచమి పట్టుకుని యానాం దాకా

మా పూర్వీకులొకరి చావు నమోదు వెతుకుతూ బయల్దేరేటప్పుడు చేతిలో ఉన్నది ఒక్క తిథి. నందన నామ సంవత్సరం, మాఘ బహుళ పంచమి. ఇంటి పురోహితుడి తిథుల పుస్తకంలో ఇంతే ఉంది. ఇంగ్లీషు తేదీ లేదు, చనిపోయిన ఊరు లేదు. పాత ఇళ్లల్లో చావు కబురు కాగితాలు దొరకవు. అలాంటి ఉత్తరాన్ని చదవగానే చించేయడం ఆనవాయితీ. పెద్దకర్మ కార్డులు దాచుకున్నవాళ్లు ఉంటే అదృష్టమే. అందులో తేదీ, బంధువుల పేర్లు వరసలతో సహా ఉంటాయి.

రైలెక్కక ముందే తిథిని తేదీగా మార్చుకోవాలి. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి నందన అంటే 1892-93 కావచ్చు, 1952-53 కావచ్చు. మాఘమాసం ఉగాదికి నెల ముందు వస్తుంది. అందుకని చూడాల్సింది 1892 కాదు, 1893 ఫిబ్రవరి మొదటి వారం. లేదా 1953 ఫిబ్రవరి మొదటి వారం. చాలామంది తడబడేది ఇక్కడే. పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల తిథులకు మొదటి అంకె పట్టుకుని ఏడాది ముందు రిజిస్టరంతా తిరగేస్తారు. ఇంకో సంగతి, మన రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారుతుంది. తెల్లవారుజామున పోయినవాళ్లకు ఒక రోజు తేడా పడుతుంది. కాబట్టి అటో రోజు, ఇటో రోజు కలుపుకుని చూడాలి. అధికమాసం పడ్డ ఏడాదైతే నెల తేడా కూడా రావచ్చు.

మొదటి రోజు కోనసీమలో, గౌతమి ఒడ్డున ఉన్న సొంత ఊరికి వెళ్లాం. తరాల లెక్క 1893 వైపే మొగ్గుతున్నా ముందు 1953 చూశాం, దాన్ని కొట్టేయడం తేలిక గనక. జనన మరణాల నమోదుకు దేశమంతటా ఒకే చట్టం 1969లో వచ్చింది. అంతకుముందు మన కోస్తాలో మద్రాసు వాళ్ల 1899 చట్టం నడిచేది. ఊళ్లో మునసబు రాసేవాడు, ఆ లెక్క తాలూకా కచేరీకి చేరేది. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయినప్పుడు కట్టలు చేతులు మారాయి. ఇప్పుడవి పంచాయతీలో లేకపోతే తహసీల్దారు కార్యాలయం రికార్డు గదిలో ఉండొచ్చు. రెండు చోట్లా అడగాలి. ఒకచోట లేదన్నంత మాత్రాన లేనట్టు కాదు.

దరఖాస్తు తెల్లకాగితం మీద, నాలుగు ముక్కల్లో: చనిపోయినవారి పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు. వెతికినందుకు రుసుము ఏడాది లెక్కన కడతారు, అందుకే ఏళ్లను ఇరుకు చేసుకుని వెళ్లడం మంచిది. అసలు రిజిస్టర్లు ఎక్కడున్నాయో ఎవరూ చెప్పలేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు.

1953 కట్ట దొరికింది. పురుగు తిన్న కాగితం, తిప్పితే మూలలు రాలుతున్నాయి. వేలు తడిపి తిప్పకూడదు, పేజీ కింద పలచటి అట్టముక్క పెట్టి ఎత్తాలి. ఫిబ్రవరి చావులు మార్చి పేజీలో కూడా పడతాయి, ఆలస్యంగా చెప్పినవి ఎప్పుడు చెబితే అప్పుడు రాశారు గనక. ఆడవాళ్లను కొన్నిచోట్ల 'ఫలానావారి భార్య' అని వదిలేశారు, అందుకని భర్త పేరుతోనూ చూడాలి. కారణం గడిలో వరసగా 'జ్వరం' అనే ఉంటుంది. దాన్ని జబ్బు పేరుగా తీసుకోవద్దు, తెలియని ప్రతిదానికీ రాసే మాట అది. ఇప్పటి చట్టం ప్రకారం ఎవరికిచ్చే నకలులోనూ మరణ కారణం చూపకూడదు. ఇవ్వలేదని పట్టుబట్టి లాభం లేదు.

మా మనిషి అందులో లేరు. 1893కి ఆ ఊళ్లో ఆశే లేదు. అప్పుడు అసలు ప్రశ్న అడిగాం: ఇల్లు ఇక్కడే, ప్రాణం ఎక్కడ పోయింది? చావు నమోదయ్యేది సొంత ఊళ్లో కాదు, పోయినచోట. వియ్యంకుల ఊరు, కూతుళ్లను ఇచ్చిన ఊరు, వైద్యానికి తీసుకెళ్లిన ఊరు, ఇవన్నీ ముందే ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితంలో రెండో పేరు యానాం.

ఎదుర్లంక దగ్గర ఇప్పుడు వంతెన ఉంది. పాతరోజుల్లో పడవ మీదే దాటేవారు. ఏటికి ఇవతల బ్రిటిషువాళ్ల మునసబు, అవతల ఫ్రెంచివాళ్ల దొరతనం. యానాం 1954 దాకా ఫ్రెంచి చేతుల్లోనే ఉంది. మనలాంటివాళ్లకు ఇది పెద్ద మేలు. ఫ్రెంచి పద్ధతిలో ప్రతి చావుకూ ఒక పూర్తి పత్రం రాస్తారు, మన రిజిస్టరులోలా ఒక్క వరస కాదు. 1776 నాటి రాజాజ్ఞ ప్రకారం వలసల్లోని రిజిస్టర్ల ప్రతి ఒకటి ఫ్రాన్సుకు పంపాలి. అలా చేరినవి ఇప్పుడు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని విదేశీ వలసల ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాతవాటి స్కాన్లు వాళ్ల వెబ్‌సైటులో డబ్బు కట్టకుండా చూడొచ్చు. దేశం దగ్గర 'ఆంద్' (Inde), ఊరు దగ్గర 'యనాఁవ్' (Yanaon) ఎంచుకోవాలి. మనలా యానాం అని కొడితే రాదు.

రెండో రోజు రాత్రి లాడ్జిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ముందు పదేళ్ల పేర్ల పట్టికలు వెతకాలి. అవి 3తో మొదలై 2తో ముగుస్తాయి: 1883 నుంచి 1892, 1893 నుంచి 1902. మాఘం లెక్క తప్పితే నేరుగా వేరే పట్టికలోకి పోతాం. పట్టిక లేకపోతే ఆ ఏడాది రిజిస్టరు చివరి పేజీలు చూడండి, పేర్ల జాబితా అక్కడ ఉంటుంది. ఇంటిపేరు కింద దొరక్కపోతే వ్యక్తి పేరు కింద, అదీ లేకపోతే తండ్రి పేరు కింద.

పేర్లు ఫ్రెంచి చెవితో విని రాసినవి. 'ఉ'కు ఓ, యూ రెండక్షరాలు కలిపి రాస్తారు. 'చ'కు ముందు టీ చేరుతుంది, 'జ'కు ముందు డీ. సుబ్బారాయుడులో ఉన్న మూడు ఉకారాలకూ రెండేసి అక్షరాలు పడి పేరు బారెడవుతుంది. చంద్రయ్య 'సి' దగ్గర దొరకడు, 'టి' దగ్గర ఉంటాడు. జగన్నాథం 'డి' దగ్గర. వెతికే పేరును ముందే నాలుగైదు రకాలుగా రాసుకుని పెట్టుకుంటే సగం పని అయినట్టే.

పత్రం చదవడానికి ఫ్రెంచి రానక్కర్లేదు, మూస ఒక్కటే. ఏడాది, తేదీ అంకెల్లో ఉండవు, అక్షరాల్లో ఉంటాయి. అందుకే ఒకటి నుంచి ముప్పైఒకటి దాకా, నెలల పేర్లతో సహా చీటీ మీద రాసుకోవాలి. 'ఊత్' అంటే ఆగస్టు, 'జ్వాన్' అంటే జూన్, 'జూయియే' అంటే జూలై. చివరి రెండూ కలిసిపోకుండా చూసుకోవాలి. మొదట వచ్చే తేదీ చావుది కాదు, చెప్పడానికి వచ్చిన రోజుది. కిందికి వెళ్తే 'ఇయేర్' అని ఉంటుంది, అంటే నిన్న. దాన్ని చూడకుండా పై తేదీ రాసుకుపోతే తిథి కలవదు. తర్వాత చనిపోయినవారి పేరు, వయసు, వృత్తి, నివాసం, భార్య లేదా భర్త పేరు, తల్లిదండ్రుల పేర్లు. కారణం మాత్రం రాయరు.

నివాసం దగ్గర పేట పేరు ఉంటే, మర్నాడు ఊళ్లో నడవడానికి అదే దారి. కనకాలపేట, మెట్టకూరు, అడవిపొలం లాంటి పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి, పెద్దవాళ్లను అడిగితే ఫలానా ఇంటిపేరు వాళ్లు ఎటువైపు ఉండేవారో చెబుతారు. పాత ఫ్రెంచి సమాధుల దగ్గరికి పొద్దున్నే వెళ్లాలి. ఏటవాలు ఎండలో అరిగిన అక్షరాలు నీడతో తేలతాయి. సుద్ద రుద్దడం, పీచుతో తోమడం వద్దు, రాయి పెచ్చులూడుతుంది. హిందూ కుటుంబాలకు రాళ్లుండవు కాబట్టి వాళ్లకు కాగితమే ఆధారం.

వెనక్కి వస్తూ రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో ఆగి పాత పత్రికలు అడిగాం. ఆ కాలపు పత్రికల్లో మామూలు కుటుంబాల చావు వార్త అరుదు. ప్లీడర్లు, పండితులు, జమీందారీ ఉద్యోగులు అయితే వెతకొచ్చు. మాట కూడా మారుతుంది: 'పరమపదించిరి', 'శివసాయుజ్యము నొందిరి', 'ప్రభువునందు నిద్రించిరి'. ఆ మాటను బట్టి ఆ ఇంటి మతం, సంప్రదాయం కూడా తెలుస్తాయి. వార్త నాలుగు రోజులకో, వారానికో పడేది, అందుకని తేదీ దాటి పది రోజులు చూడాలి.

యానాం పత్రంలో అన్నిటికంటే కింద ఉన్న భాగాన్ని తొందరలో వదిలేయకండి. చావును చెప్పడానికి వచ్చిన ఇద్దరూ అక్కడ సంతకం చేస్తారు. పై పేరా అంతా ఫ్రెంచి గుమాస్తా వాలు రాత, పేరు గుర్తుపట్టడం కష్టం. కింద మాత్రం ఒకాయన ఇంటిపేరుతో సహా పొడుగ్గా, తలకట్లు తేల్చి, తెలుగులో సంతకం చేశాడు.