వీసా మీద ఉంటూ వైకల్యం దాచుకునే బతుకు

నాకు ఎడమ చెవి అసలు వినపడదు, కుడి చెవికి మెషిన్ పెట్టుకుంటా, అమెరికాలో హెచ్1బీ మీద ఉద్యోగం. మీటింగుల్లో క్యాప్షన్లు పెట్టమని అడిగే హక్కు నాకుంది, 1990లో వచ్చిన ఏడీఏ, అంటే వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల చట్టం, సిటిజన్లకే కాదు వీసా మీదున్న ఉద్యోగులకీ వర్తిస్తుంది. కానీ అడగాలంటే గుండె దడ. ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు, ఆలోపు ఇంకో కంపెనీ నా పేరున వీసా దరఖాస్తు పెట్టకపోతే, లేదా నేను వేరే వీసాకి మారకపోతే దేశం వదలాలి. అందుకే సగం పెదాల కదలిక చూసి సగం ఊహించుకుని నెట్టుకొస్తుంటాం, సాయంత్రానికి తల పగిలిపోతుంది, రాత్రి నిద్ర రాదు.

దీనికి తోడు ఎన్నికలొస్తే చాలు, వలస వచ్చినవాళ్ళు దేశానికి భారం అనే మాట. అది మాలాంటి వాళ్ళకి సూటిగా తగులుతుంది, ఎందుకంటే 'పబ్లిక్ ఛార్జ్' అనే మాట 1882 నుంచీ ఇక్కడి చట్టంలోనే ఉంది, అంటే సర్కారు సాయం మీద బతుకుతారనుకున్న వాళ్ళకి వీసా, గ్రీన్‌కార్డ్ ఇవ్వకుండా ఆపొచ్చు. 2019లో ట్రంప్ ప్రభుత్వం ఆ రూల్‌ని బాగా బిగించి మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్న వాళ్ళకిచ్చే సర్కారు ఆరోగ్య బీమా) వాడకాన్ని కూడా లెక్కలోకి తెచ్చింది, 2021లో అది పోయింది, 2022లో మెత్తటి రూల్ వచ్చింది, 2025 నవంబర్‌లో దాన్నీ తీసేస్తామని ప్రతిపాదన పెట్టారు. ఇలా ఊగుతుంటే మనిషి దేన్ని నమ్ముకుని నిద్రపోవాలి? పైగా గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి, మనవాళ్ళ క్యూ ఏళ్ళకేళ్ళు, అన్నేళ్ళూ ఈ భయం మోయాల్సిందే.

నాకు తెలిసిన ఒకావిడ ఆటిజం ఉన్న బాబుకి స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ వద్దనేసింది, రికార్డుల్లోకి ఎక్కుతుందని. ఆ సాయం 2019 రూల్లో కూడా లెక్కలో లేదండీ! పిల్లాడికి అందాల్సింది భయం ఎత్తుకుపోయింది, ఆవిడేమో రోజూ ఏడుపు, కౌన్సెలింగ్‌కి వెళ్ళమంటే గ్రీన్‌కార్డ్ మెడికల్‌లో అడుగుతారని మళ్ళీ భయం. ఆ పరీక్షలో డిప్రెషన్ ఉన్నంత మాత్రాన ఆపరు, దానివల్ల తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అనేది చూస్తారు. ఈ ఒక్క ముక్క లాయర్ ముందే చెప్పుంటే ఆవిడ ఇన్నాళ్ళు నలిగేది కాదు, కానీ లాయర్ ఫారాల గురించే మాట్లాడతాడు, డాక్టర్‌కి వీసా సంగతులు తెలీవు.

వచ్చే వారం బాబు స్కూల్లో మీటింగ్ పెట్టించుకుంది. తోడు నేనూ వెళ్తున్నా, క్యాప్షన్లు కావాలని స్కూల్ వాళ్ళకి ముందే మెయిల్ పెట్టా.