స్టాఫా గుహ రికార్డింగ్: నాలుగోసారీ అదే దెబ్బ

ఇంటికొచ్చి ఫైల్ తెరిచిన ఐదు నిమిషాల్లోనే ఉత్సాహమంతా నీరుగారిపోయింది. స్కాట్లాండ్‌లోని స్టాఫా దీవిలో ఉన్న ఫింగల్స్ కేవ్ అనే సముద్రపు గుహలో అలల శబ్దం రికార్డ్ చేద్దామని వెళ్తే, నాలుగోసారి కూడా నాకు చెయ్యిచ్చింది.

గ్లాస్గో నుంచి ఓబన్‌కి రైల్లో మూడు గంటలు. తర్వాత ఫెర్రీ, మల్ దీవి దాటడానికి బస్సు, ఆ చివర ఫియోన్‌ఫర్ట్ ఊళ్లో రాత్రి పడక, పొద్దున్నే చిన్న పడవ. ఇంతా చేస్తే స్టాఫా మీద ఉండనిచ్చేది ఓ గంట. రానూపోనూ నడక పోగా గుహ దగ్గర నాకు దక్కింది 28 నిమిషాలు. ఆ నడక కూడా తాపీగా సాగేది కాదు. విరిగిన బసాల్టు స్తంభాల తలలే అక్కడ మెట్లు. ఒక్కోటీ ఆరు పలకల పీటలా ఉంటుంది, మధ్యలో గుంటపడి అరచెయ్యంత ఉప్పునీళ్లు నిలిచి ఉంటాయి. కళ్లు కింద, చెయ్యి కమ్మీ మీద.

అక్కడి పఫిన్ల (సముద్రపు పక్షులు) గుర్రు బ్రహ్మాండంగా వచ్చింది. దాని గురించి ఇంతే.

ఇక అసలు గొడవ. అల లోపలికి పోయి చివరి గోడను కొట్టినప్పుడు చెవికి వినపడేది చాలా తక్కువ, ఎక్కువగా ఛాతీకే తెలుస్తుంది. రికార్డింగులో మాత్రం సరిగ్గా అక్కడే శబ్దం పగిలిపోతోంది. పది నిమిషాల ముక్క తీసుకుని కూర్చుని లెక్కపెట్టాను: 68 దెబ్బలు, అంటే దాదాపు తొమ్మిది సెకన్లకొకటి. వాటిలో 51 పగిలాయి.

రెండోసారి వెళ్లినప్పుడు గాలి మీద అనుమానంతో మైకుకి రైకోట్ కంపెనీ బొచ్చు తొడుగు వేశాను. గాలి రొద పోయింది (ఈ విషయంలో రైకోట్‌కి పెట్టిన ప్రతి పౌండూ న్యాయమే), పగులు పోలేదు. మూడోసారి కమ్మీ మీద అనుమానం. రికార్డర్‌ని దానికే క్లాంప్‌తో బిగించాను కదా, అల కొట్టినప్పుడు ఇనుము అదిరి ఆ అదురు మైకులోకి ఎక్కుతోందేమో అని కింద రబ్బరు ముక్కలు పెట్టాను. తేడా లేదు. ఈసారి కర్ర చివర రబ్బరు బ్యాండ్ల ఊయల కట్టి, 28 నిమిషాలూ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. భుజం పడిపోయింది గానీ పగులు ఎక్కడికీ పోలేదు. కమ్మీ నిర్దోషి.

ఒక ఆధారం మాత్రం దొరికింది. గెయిన్ (రికార్డర్‌లో శబ్దాన్ని పెంచే మీట) 6లో ఉన్నప్పుడు, తెర మీద శబ్దపు గీతల తలలు మైనస్ 5 డెసిబెల్స్ దగ్గరే, అంటే రికార్డర్ హద్దైన సున్నాకి చేరకముందే, కత్తితో కోసినట్టు చదునుగా ఉన్నాయి. సగంలో గెయిన్ 3కి దించాను. తలలు మైనస్ 14కి దిగాయి, అయినా చదునుగానే ఉన్నాయి! అంటే పగులు గెయిన్ కంటే ముందే జరిగిపోతోంది. మైకులోనో, మొదటి యాంప్లిఫయర్ దశలోనో. ఇక లోతు శబ్దాలను కోసేసే లో కట్ బటన్ నొక్కి ఏం లాభం? నా రికార్డర్‌లో అది వీటన్నిటి తర్వాత వస్తుంది. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు.

ఏ పౌనఃపున్యంలో ఎంత శబ్దముందో చూపే స్పెక్ట్రమ్‌లో 12 నుంచి 15 హెర్ట్జ్ మధ్య పెద్ద మూపురం కనిపించింది. గుహ నోటి వెడల్పు సుమారు 12 మీటర్లు, అటూ ఇటూ గోడల మధ్య లెక్కేస్తే 14 హెర్ట్జ్ వస్తుంది. లోతు దాదాపు 70 మీటర్లు, ఒక వైపు మూసిన గొట్టం అనుకుంటే 1.2 హెర్ట్జ్. గుహేమీ గొట్టం కాదు, ఇది నా ఊహ మాత్రమే. కానీ మన చెవికి అందని ఆ ఊపిరే నా మైకును ముంచుతోందని గట్టి అనుమానం.

32 బిట్ ఫ్లోట్ (ఎంత పెద్ద శబ్దమైనా ఫైల్‌లో పట్టే పద్ధతి) ఉంటే గెయిన్ సంగతే పట్టించుకోనక్కర్లేదు అనేవాళ్లతో నాకు ఇక్కడే పేచీ. అలాంటి రికార్డర్ జూమ్ ఎఫ్3 మంచిదే, కాదనను. మైకులోనే విరిగిన శబ్దాన్ని అది మాత్రం ఎలా అతుకుతుంది?

గేలిక్‌లో ఈ గుహ పేరుకి మధురంగా పలికే గుహ అని అర్థం. 1829 ఆగస్టు 7న సంగీతకారుడు మెండెల్సన్ ఇంటికి రాసిన ఉత్తరంలోనే తన 'హెబ్రిడీస్' సంగీతపు మొదటి స్వరాలు రాసేశాడు, గుహ చూసింది మర్నాడు. అదృష్టవంతుడు, మైకు మొయ్యలేదు. నేను అమ్మకి వాట్సాప్‌లో పంపితే, "ఏరా, గ్రైండర్‌లో పప్పెయ్యకుండా ఉత్తినే తిప్పుతున్నావా?" అంది.

తర్వాతి ఆలోచన: రికార్డర్ లోపలి మైకులు వదిలేసి, బయట ఈఎం272 అనే ఆమ్నీ (అన్ని వైపుల నుంచీ వినే) మైకు క్యాప్సూల్ జత. ఆమ్నీ గాలికి ఓర్చుకుంటుంది గానీ ఇలాంటి పీడనపు ఊపును ఇంకా బాగా పట్టేస్తుంది. అందుకని మైకులకు విడిగా బ్యాటరీ బాక్స్ పెట్టి, అందులోని కెపాసిటర్ తీసేసి 1 మైక్రోఫారడ్‌ది వేస్తాను. రికార్డర్ ఇన్‌పుట్ నిరోధం 2 కిలో ఓమ్‌లు కాబట్టి 80 హెర్ట్జ్ దగ్గర, దాని కింది శబ్దాలకు కోత మొదలవుతుంది. పగులు క్యాప్సూల్‌లోనే అయితే ఇదీ దండగే. ఆగస్టు మొదట్లో పఫిన్లు వెళ్లిపోతాయి, పడవల్లో జనం తగ్గుతారు, అప్పుడు వెళ్లాలి.

ఈలోగా పరీక్షకి మా అపార్ట్‌మెంట్ మెట్ల దారి దొరికింది. కింది తలుపు దబాలున వేస్తే మైకు అచ్చం అలాగే పగులుతోంది. రాత్రి తొమ్మిదికి ఇరవై సార్లు వేశాను. కింది ఫ్లాట్ పెద్దాయన తలుపు తీసి కాసేపు నన్నూ, బొచ్చు మైకునూ మార్చి మార్చి చూశారు. రేపటి నుంచి పగలే.