నౌపడలో దిగనక్కరలేని పర్లాకిమిడి రైలు

మహేంద్రతనయ నదికి ఈవల పాతపట్నం ఆంధ్రప్రదేశ్‌లోనూ, ఆవల మా పర్లాకిమిడి ఒడిశాలోనూ ఉన్నాయి. రెండింటికీ వేర్వేరు రైల్వే స్టేషన్లు ఉన్నా, రెండూ నౌపడ–గుణుపూర్ మార్గం మీదివే. టికెట్ కిటికీ ముందు నిలబడితే వరుసలో ముందున్నాయన ఒడియాలో అడగడమూ, వెనకనున్నామె "గుణుపురానికి రెండు ఇవ్వండి బాబూ" అని తెలుగులో అడగడమూ ఇక్కడ నిత్యమూ కనిపించేదే.

విజయవాడ నుంచి కటక్ వరకు తూర్పు తీరపు ప్రధాన మార్గం 1893–96 మధ్య వేసినప్పుడు అది నౌపడ మీదుగా పోయింది గాని, పర్లాకిమిడి సంస్థానపు రాజధాని అయిన మా ఊరికి రాలేదు. అందుకని సంస్థానాధీశుడు గౌరచంద్ర గజపతి నారాయణ దేవ్ సుమారు 7 లక్షల రూపాయలు సొంతంగా వెచ్చించి, నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు 25 మైళ్ల మేర రెండున్నర అడుగుల వెడల్పుగల చిన్న పట్టాలు వేయించారు. 1900 ఏప్రిల్‌లో బండి నడిచింది. తొలి ఏళ్లలో నష్టమే తప్ప లాభం లేదు. 1902లోనే నిర్వహణ బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి పోయింది. రాబడి మెరుగుపడ్డాక 1929, 1931 సంవత్సరాలలో రెండు దఫాలుగా పట్టాలను గుణుపూర్ దాకా పొడిగించారు. 1936లో ఒడిశా ఏర్పడి ఊరు అటు చేరినా, పట్టాలు మాత్రం నేటికీ రెండు రాష్ట్రాలలోనూ సాగుతున్నాయి.

చిన్న బండి నెమ్మదితనం గురించి ఊళ్లో కథలకు కొదువ లేదు. అయితే నా దృష్టిలో అప్పటి అసలు చిక్కు వేగం కాదు, నౌపడ. అక్కడ ప్రధాన మార్గపు పట్టాల వెడల్పు 1676 మిల్లీమీటర్లు, మన చిన్న లైనుది 762. అంటే ఏ పెట్టే నేరుగా అవతలి పట్టాల మీదికి పోయేది కాదు. సరుకైతే బస్తా బస్తా దించి మరో పెట్టెలోకి ఎక్కించాల్సి వచ్చేది, మనిషైతే మూటాముల్లె, పిల్లాజెల్లతో దిగి ఇంకో బండికి ఎదురుచూడాల్సి వచ్చేది. కూలీ ఖర్చు, కాలయాపన రెండూ అక్కడే.

పట్టాలను ప్రధాన మార్గపు వెడల్పుకు మార్చడానికి 2004లో చిన్న లైను మూసివేశారు. తిరిగి పెద్ద బండి పర్లాకిమిడికి 2010లో, గుణుపూర్‌కు 2011లో వచ్చింది. మధ్యలోని ఆ కాలమంతా బస్సులే దిక్కు. చిన్న బండి పోయిందని బాధపడే పెద్దలను నేను తప్పుపట్టను గాని, విశాఖ ఆసుపత్రికి రోగిని తీసుకువెళ్లేవారికి నౌపడలో దిగే పని తప్పడం సామాన్యమైన మేలు కాదు. విశాఖపట్నం, పూరీ వైపు గుణుపూర్ బండ్లు, రూర్కెలా వెళ్లే రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్ మన స్టేషన్ మీదుగానే పోతాయి.

ఇంకా దూరం పోవాలనుకునేవారు మాత్రం కాస్త ఆలోచించుకోవాలి. జంక్షన్ అన్న పేరు నౌపడదే అయినా, చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగేది పలాసలో. చెన్నై, హౌరా వైపు రిజర్వేషన్ చేయించుకునేటప్పుడు పలాస నుంచో, శ్రీకాకుళం రోడ్ నుంచో చూసుకొని, అక్కడికి బస్సులో చేరడమే సులువు.